పెరిగే వయసుకు ఎంత బండి తగును?

పండుగకు పిల్లలకు బట్టలు కుట్టించేటప్పుడు "పెరిగే పిల్లవాడు గదా, కాస్త వదులుగా కుట్టు" అని దర్జీకి చెప్పడం మన ఇళ్ళలో వాడుక. చొక్కా విషయంలో ఇది తెలివైన మాటే. చేతులు పొడుగైతే మడుచుకోవచ్చును. రెండేళ్ళు గడిచేసరికి ఆ చొక్కా ఒంటికి సరిపోతుంది. ఇదే మాటను బండి విషయంలో కూడా అనేవారు ఉన్నారు. "ఇప్పుడు కాస్త పెద్దదిగా ఉన్నా పదో తరగతి దాటేసరికి సరిపోతుందిలే" అంటారు. బండిని మడుచుకొనే వీలు లేదు గదా! ఆ రెండేళ్ళలోనే దాన్ని రోడ్డు మీద నడపాలి.

ఈ ప్రశ్న కర్నూలు జిల్లా పడమటి భాగాన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల వారికి కొత్తది కాదు. ఇక్కడ నల్లరేగడి నేలలు విస్తారం. పత్తి పండించి ఆదోని మార్కెట్టు యార్డుకు తోలుతారు. చేనేతకు పేరుపడిన ఎమ్మిగనూరుకు చుట్టుపక్కల పల్లెలనుంచి పనిమీద వచ్చిపోయేవారు అనేకులు. ఊరికీ ఉన్నత పాఠశాలకూ, ఇంటికీ చేనుకూ మధ్య దూరం తక్కువేమీ కాదు. అందువల్ల ఎక్సెల్ బండో, మోటారు సైకిలో లేని ఇల్లు తగ్గిపోతున్నది. తండ్రి చేనులో ఉంటాడు, బండి తాళం గోడ మేకుకు వేలాడుతూ ఉంటుంది. సద్ది చేరవేయాలన్నా, ఎరువు బస్తా తేవాలన్నా తొమ్మిదో తరగతి చదివే కుర్రవాని చేయి ఆ మేకు మీదికి పోతుంది.

ఆ కుర్రవానికి ఆ బండి తగునా, తగదా అని నిర్ణయించేది ఎట్లా? దీనికి శాస్త్రం చెప్పే జవాబు ఏమిటో చూద్దాం. ఇందుకు కావలసినవి ఒక కొలత టేపు, కొంచెం లెక్క, ఉన్నత పాఠశాలలో చదివిన భౌతికశాస్త్రం మాత్రమే.

సి.సి. చెప్పేది ఎంత?

బండి పెద్దదా, చిన్నదా అని అడిగితే దుకాణంలో వినవచ్చే మొదటి మాట 'సి.సి.'. ఇది ఘన సెంటీమీటరుకు పొట్టి పేరు. ఇంజను సిలిండరులో ముషలకం, అనగా పిస్టను, పై కొస నుంచి కింది కొసకు దిగినప్పుడు ఎంత చోటు ఖాళీ అవుతుందో ఆ ఘనపరిమాణమే ఇంజను సి.సి. 50 సి.సి. అంటే చిన్న టీ గ్లాసులో సగం. 100 సి.సి. అంటే ఇంచుమించు ఒక గ్లాసు.

ఈ చోటు పెద్దదైన కొద్దీ ఒక్కో దెబ్బకు ఎక్కువ ఇంధనం, గాలి మండి ఎక్కువ శక్తి పుడుతుంది. సి.సి. చెప్పేది స్థూలంగా ఇంతవరకే. బండి బరువు ఎంత, సీటు ఎత్తు ఎంత, ఎంత వేగం అందుకోగలదు అనే సంగతులు అందులో లేవు. ఒక ఉదాహరణ తీసుకొందాం. మన పల్లెల్లో అందరూ ఎరిగిన ఎక్సెల్ 100 మోపెడ్ ఇంజను 99.7 సి.సి. దాదాపు అదే సి.సి. గల మోటారు సైకిళ్ళూ ఉన్నాయి. మొదటిది సుమారు 86 కిలోలు, రెండవది సుమారు 110 కిలోలు తూగుతుంది. రెండవది ఎక్కువ వేగంగానూ పోగలదు. గ్లాసు ఒకటే, బండ్లు మాత్రం వేరు. కాబట్టి సి.సి. ఒక్కటే చూసి బండిని ఎన్నుకోవడం, నాడా పొడవు చూసి చెప్పులు కొనడం వంటిది.

నాలుగు చక్రాల బండి నేర్పిన పాఠం

ఈ సంగతి అమెరికా వారికి అనుభవం మీద తెలిసివచ్చింది. అక్కడ తోటల్లో, ఎడారుల్లో, కొండదారుల్లో తిరగడానికి 'క్వాడ్ బైకు' అనే ఒక విధమైన బండిని వాడతారు. దానికి లావు టైర్లతో నాలుగు చక్రాలుంటాయి. పట్టుకోవడానికి మోటారు సైకిలుకు ఉన్నట్టే హ్యాండిలు ఉంటుంది. మన దేశంలో ఇది ఎక్కువగా విహార స్థలాల్లో కనిపిస్తుంది. దీనికి ముందు మూడు చక్రాల రకం 1970లో అక్కడ అమ్మకానికి వచ్చింది. నాలుగు చక్రాలవి 1980 తరువాతి సంవత్సరాల్లో వచ్చాయి. చక్రాలు ఎక్కువ కాబట్టి పడిపోదని నమ్మి తల్లిదండ్రులు పిల్లలకు ఇచ్చారు. చావులూ గాయాలూ పెరిగిపోయాయి. 1988లో అక్కడి ప్రభుత్వ సంస్థకూ తయారీదార్లకూ ఒప్పందం కుదిరింది. మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. 90 సి.సి. దాటిన బండి 16 ఏళ్ళు నిండిన వారికే అని, 70 నుంచి 90 సి.సి. వరకు 12 ఏళ్ళు నిండిన వారికి అని ఒక నిబంధన ఏర్పడింది.

తరువాత తేలినదేమంటే, సి.సి. సరైన కొలబద్ద కాదని. ఇంజను చిన్నదైనా వేగంగా పోయేటట్టు బండిని కట్టవచ్చును. 90 సి.సి. బండి మీద పొడుగాటి కుర్రవానికి మోకాళ్ళు హ్యాండిలుకు తగులుతాయి. అట్టివాడు దాన్ని వదలి పెద్దవారి బండి ఎక్కుతాడు. అందువల్ల 2007లో వచ్చిన ప్రమాణంలో సి.సి.ని తీసివేసి, వయసును బట్టి గరిష్ఠ వేగాన్ని నిర్ణయించారు. ఆరేళ్ళు నిండిన వారికి తగిన బండి గంటకు సుమారు 24 కిలోమీటర్లు దాటరాదు. 14 ఏళ్ళు నిండిన వారిది సుమారు 61 కిలోమీటర్లు దాటరాదు. అదీ పెద్దవారి పర్యవేక్షణలోనే. 2008 నాటి చట్టం ఈ ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది. అయినా అమెరికా శిశువైద్యుల అకాడమీ 16 ఏళ్ళ లోపువారు ఈ బండ్లను అసలు నడపరాదనే చెబుతున్నది.

దీనినుంచి మనం గ్రహించవలసినది ఒకటే. బండి కొలతను ఇంజనులో వెతకరాదు. నడిపే మనిషికీ బండికీ మధ్య ఉన్న పొందికలో వెతకాలి. ఆ పొందికను కాలు, బరువు, వేగం, వివేకం అనే నాలుగింటితో కొలవవచ్చును.

మొదటిది: కాలు

పుస్తకం ఒకటి తీసుకొని, చెప్పులు విడిచి గోడకు ఆనుకొని నిలబడండి. సైకిలు సీటు మీద కూర్చున్నట్టు పుస్తకాన్ని తొడల మధ్య పైకి ఆనించి పట్టుకోండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవండి. ఇది మీ లోపలి కాలి పొడవు. 150 సెంటీమీటర్ల ఎత్తున్న విద్యార్థికి ఇది ఇంచుమించు 69 సెం.మీ. ఉంటుంది. 170 సెం.మీ. ఎత్తున్న పెద్దవారికి సుమారు 78 ఉంటుంది.

సాధారణమైన 100 సి.సి. మోటారు సైకిలు సీటు నేలకు 78 లేక 79 సెం.మీ. ఎత్తున ఉంటుంది. ఎక్సెల్ సీటు కూడా దాదాపు అంతే. అనగా పెద్దవారికి పాదం నేలకు ఆనుతుంది. తొమ్మిదో తరగతి విద్యార్థికి దాదాపు 9 సెం.మీ. తక్కువ. సీటు వెడల్పు వల్ల కాళ్ళు పక్కలకు చాచవలసి వస్తుంది కనుక అసలు లోటు ఇంకా ఎక్కువ. అతడు వేలికొసల మీద నిలుస్తాడు. లేదా బండిని ఒక పక్కకు ఒరిగించి ఒక కాలు ఆనిస్తాడు.

ఒరిగిస్తే ఏమవుతుంది? బండి నిటారుగా ఉన్నప్పుడు దాని గురుత్వ కేంద్రం చక్రాలకు సరిగ్గా పైన ఉంటుంది. అప్పుడు దాన్ని పట్టుకోవడానికి చిటికెన వేలు చాలు. ఒరిగిన కొద్దీ గురుత్వ కేంద్రం పక్కకు జరిగి బండిని కిందికి తిప్పుతుంది. 110 కిలోల బండికి గురుత్వ కేంద్రం నేలకు 50 సెం.మీ. ఎత్తున ఉన్నదనీ, హ్యాండిలు ఒక మీటరు ఎత్తున ఉన్నదనీ అనుకొందాం. 10 డిగ్రీలు ఒరిగితే హ్యాండిలు దగ్గర సుమారు 10 కిలోల బలంతో ఆపాలి. 20 డిగ్రీలకు సుమారు 19 కిలోలు కావాలి. 30 డిగ్రీలకు 27 కిలోలు దాటుతుంది. ఇది సగం సిమెంటు బస్తా కన్న ఎక్కువ. దీని మీద నడిపేవాని బరువు, వెనుక కట్టిన గడ్డిమోపు బరువు కూడా చేరుతాయి. కాలు పొట్టిదైతే అది నేలను అందుకొనేలోగా బండి ఎక్కువ డిగ్రీలు ఒరిగిపోతుంది. అందువల్ల పొట్టికాలు వాడు అదే బండిని ఆపడానికి పొడుగుకాలు వానికన్న ఎక్కువ బలం పెట్టవలసివస్తుంది. బలం తక్కువగా ఉన్నది వానికే!

చేతి సంగతీ ఇంతే. హ్యాండిలు పట్టు విడవకుండా బ్రేకు మీట చుట్టూ వేళ్ళు చేరాలి. వేలికొసలతో మాత్రమే అందుకొనే బ్రేకు, అవసరమైన క్షణంలో సగం బ్రేకే.

రెండవది: బరువు

సైకిలు తొక్కేవాడు మలుపులో ఒంటిని ఒక పక్కకు వాల్చి బండిని అదుపులో పెట్టుకొంటాడు. అతని ఒళ్ళు ఎంత కదిలితే, మనిషీ బండీ కలిసిన మొత్తం గురుత్వ కేంద్రం ఎంత కదులుతుంది? ఇది వారిద్దరి బరువుల నిష్పత్తిని బట్టి ఉంటుంది.

40 కిలోల విద్యార్థి తన ఒంటిని 15 సెం.మీ. పక్కకు జరిపాడనుకొందాం. అతని సైకిలు 20 కిలోలు. మొత్తం 60లో అతని పాలు 40. కాబట్టి మొత్తం గురుత్వ కేంద్రం 10 సెం.మీ. జరుగుతుంది. అదే విద్యార్థి 110 కిలోల మోటారు సైకిలు మీద ఉంటే మొత్తం 150లో అతని పాలు 40 మాత్రమే. గురుత్వ కేంద్రం 4 సెం.మీ. జరుగుతుంది. 300 కిలోల క్వాడ్ బైకు మీద అయితే 2 సెం.మీ. కూడా జరగదు. సైకిలు మీద అతడు సారథి. క్వాడ్ మీద అతడు ఇంచుమించు సామాను మూటతో సమానం.

నాలుగు చక్రాలు కనుక పడదనే నమ్మకాన్నీ ఒకసారి లెక్క వేసి చూద్దాం. నడిపేవానితో కలిపి గురుత్వ కేంద్రం 60 సెం.మీ. ఎత్తున ఉన్నది, చక్రాల మధ్య వెడల్పులో సగం 40 సెం.మీ. అనుకొందాం. 40ని 60తో భాగిస్తే సుమారు 0.67. అంటే 34 డిగ్రీల వాలు మీద ఆ బండి పక్కకు దొర్లుతుంది. చదునైన నేల మీద కూడా, 10 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును గంటకు 29 కిలోమీటర్ల వేగంతో తిరిగితే లోపలి చక్రాలు లేస్తాయి. వెనుక ఒకరిని ఎక్కించుకొని గురుత్వ కేంద్రం 70 సెం.మీ.కు పెరిగితే ఆ హద్దు 27 కిలోమీటర్లకు దిగుతుంది. దొర్లిన తరువాత 300 కిలోలూ మనిషి మీద పడతాయి. కాలువ గట్టు దిగేటప్పుడు ట్రాక్టరు ఎందుకు దొర్లుతుందో చెప్పే సూత్రం కూడా ఇదే.

మూడవది: వేగం

కదిలే వస్తువుకు ఉండే శక్తిని గతిశక్తి అంటాం. ఇది వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లు అవుతుంది. ఆ శక్తినంతా బ్రేకులే అరగదీయాలి. లేకపోతే ఎదుటి గోడ, ఆ తరువాత మన ఎముకలు అరగదీస్తాయి.

మరొక విధంగా చూద్దాం. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఢీకొనడం, సుమారు రెండున్నర మీటర్ల ఎత్తునుంచి పడడంతో సమానం. అది చూరు మీదినుంచి దూకినట్టు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటే దాదాపు 10 మీటర్ల ఎత్తునుంచి పడినట్టు. అది మూడంతస్తుల మేడ. మేడమీదినుంచి దూకుతానంటే ఒప్పుకోని తల్లి, బండి తాళం అడిగితే ఇచ్చివేస్తున్నది. ఆమెకు లెక్క తెలియక కాదు, ఎత్తు కంటికి కనిపిస్తుంది, వేగం కనిపించదు.

ఆగడానికి పట్టే దూరంలో రెండు భాగాలున్నాయి. ప్రమాదాన్ని చూసి బ్రేకు వేసేలోగా బండి పోయే దూరం మొదటిది. బ్రేకు పట్టిన తరువాత పోయేది రెండవది. చూసి బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనీ, పొడి తారురోడ్డు మీద బ్రేకు వల్ల వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనీ అనుకొందాం. 25 కిలోమీటర్ల వేగంలో మొదటి భాగం 7 మీటర్లు, రెండవది 5, మొత్తం 12 మీటర్లు. 50 కిలోమీటర్ల వేగంలో మొదటిది 14, రెండవది 19, మొత్తం 33 మీటర్లు.

ఇది పొడి రోడ్డు సంగతి. నల్లరేగడి మట్టి తడిస్తే ఉబ్బి, జిగురై, సబ్బులాగా జారుతుందని ఈ ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు. చేలనుంచి ట్రాక్టరు చక్రాలు ఆ మట్టిని రోడ్డు మీదికి లాగుతాయి. అక్కడ ఘర్షణ తగ్గి, బ్రేకు వేసినా వేగం సెకనుకు 2 మీటర్లే తగ్గుతుందనుకొంటే, 50 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి 62 మీటర్లు కావాలి. 25 కిలోమీటర్ల వేగంలో అయితే 19 చాలు. సాయంకాలం ఎనుములు రోడ్డు దాటుతున్నప్పుడు ఈ 19కీ 62కీ మధ్య ఉన్న తేడాయే బతుకుకూ చావుకూ మధ్య ఉన్న తేడా కావచ్చును.

నాలుగవది: వివేకం

పదిహేనేళ్ళవాడు చురుకుదనంలో పెద్దవారికి తీసిపోడు. పట్టుకో అని బంతి విసిరితే తండ్రికన్న ముందు పట్టుకొంటాడు. కాని రోడ్డు మీద కావలసినది చురుకుదనం ఒక్కటే కాదు. ఆగి ఉన్న ఆటో చాటునుంచి ఎవరైనా రావచ్చునని ముందే ఊహించడం కావాలి. అది అనుభవం వల్ల వస్తుంది. తొందరను అదుపులో పెట్టే మెదడు ముందరి భాగం ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా పక్వానికి వస్తూనే ఉంటుందని శాస్త్రజ్ఞులు తెలుసుకొన్నారు.

2005లో మార్గో గార్డ్నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధనను ప్రకటించారు. వేర్వేరు వయసుల వారిచేత బండి నడిపే ఆటను కంప్యూటరు మీద ఆడించారు. కొందరిని ఒంటరిగా, కొందరిని తోటివారు చూస్తుండగా ఆడించారు. తోటివారు పక్కన ఉన్నప్పుడు కుర్రవారి సాహసం, పెద్దవారిలో కన్న చాలా ఎక్కువగా పెరిగింది. ఒకే బండి మీద ముగ్గురు స్నేహితులు పోతే బరువు మాత్రమే పెరగదని దీనివల్ల తెలుస్తున్నది. ముందున్న వాని వివేకం కూడా తగ్గుతుంది.

చట్టం గీసిన గీత

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారు బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడపరాదు. ఒక్క మినహాయింపు ఉన్నది. 16 ఏళ్ళు నిండినవారు లైసెన్సు తీసుకొని 50 సి.సి. మించని మోటారు సైకిలు నడపవచ్చును. ఆ చట్టం వచ్చిన నాటికి 50 సి.సి. మోపెడ్లు వీధివీధినా ఉండేవి. లూనా 1972లో, టి.వి.ఎస్. 50 మోపెడ్ 1980లో వచ్చాయి. తరువాత అవి మార్కెట్టునుంచి తొలగిపోయి పెద్ద ఇంజన్లు వచ్చాయి. "ఇది చిన్న బండే గదా" అని తల్లిదండ్రులు ఇచ్చే నేటి ఎక్సెల్ ఇంజను, చట్టం చెప్పిన హద్దుకు దాదాపు రెట్టింపు. చూపుకు మోపెడే అయినా పదహారేళ్ళవానికి చట్టం దాన్ని అనుమతించదు.

2019లో ఈ చట్టాన్ని సవరించారు. మైనరు బండి నడిపి నేరం జరిగితే సంరక్షకుడు లేక బండి యజమాని దోషి అవుతాడు. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలలపాటు రద్దవుతుంది. ఆ పిల్లవానికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. చదువు ముగించి ఉద్యోగం వెతుక్కొనే వయసులో లైసెన్సు లేకపోవడం చిన్న నష్టం కాదు. చేనులో నడిపితే రోడ్డు చట్టం వర్తించదు గదా అని కొందరు వాదిస్తారు. గురుత్వాకర్షణకు చేనుగట్టూ, రోడ్డూ అనే భేదం లేదు.

బ్యాటరీ స్కూటర్ల గురించి కూడా ఒక మాట. మోటారు సామర్థ్యం 250 వాట్లకు లోబడి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటక, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించని వాటిని నిబంధనలు మోటారు వాహనాలుగా లెక్కించవు. ఈ మూడు సంగతులనూ కాగితం మీద చూసి కొనాలి. కొన్న తరువాత వేగం పెంచే మార్పులు చేయిస్తే ఆ మినహాయింపు పోతుంది. 25 కిలోమీటర్ల వేగమైనా రెండున్నర మీటర్ల ఎత్తునుంచి పడడమేనని మనం లెక్క కట్టాం గదా! కాబట్టి ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్ తలకు సరిపోయేది పెట్టుకొని, గడ్డం కింద పట్టీ బిగించుకోవాలి.

మరి తగిన బండి ఏది?

కాలు, బరువు, వేగం, వివేకం అనే నాలుగు కొలతలకూ సరిపడి, చట్టం కూడా అడ్డుచెప్పని బండి ఉన్నత పాఠశాల విద్యార్థికి ఒకటున్నది. అది సైకిలు. ఇది బీదవాని బండి అని చిన్నచూపు చూడనక్కరలేదు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చింది. కార్తిక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు దాని ఫలితాన్ని పరిశీలించి 2017లో ప్రకటించారు. తగిన వయసులో ఉన్నత పాఠశాలలో చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. మగపిల్లలకూ వారికీ ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. బడికి దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించింది. మన రాష్ట్రంలో కూడా 2016-17 విద్యా సంవత్సరంలో 'బడికొస్తా' పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు.

సైకిలుకు కూడా కొలత ఉన్నది. మన పెద్దలలో చాలామంది పెద్ద సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి, ఒంటిని వంకర చేసి తొక్కడం నేర్చుకొన్నవారే. వేరే దారి లేని కాలంలో అది తప్పలేదు. నేడు ఆ అవసరం లేదు. దుకాణంలో 24 అంగుళాలు, 26 అంగుళాలు అని చెప్పే మాట చక్రం కొలత మాత్రమే. మోటారు బండికి సి.సి. ఎంత చెబుతుందో, సైకిలుకు ఇది అంతే చెబుతుంది. చూడవలసినవి వేరే ఉన్నాయి.

సైకిలు మీద రెండు కాళ్ళు చెరొక పక్క వేసి నేల మీద నిలబడితే బారుకూ ఒంటికీ మధ్య మూడు నుంచి ఐదు సెం.మీ. ఎడం ఉండాలి. సీటు మీద కూర్చొని, అట్టడుగుకు దిగిన పెడలు మీద మడమ పెడితే కాలు సరిగ్గా తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. దీనికి లెక్క కూడా ఉన్నది. 1967లో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు చూపినట్టు, లోపలి కాలి పొడవును 1.09తో హెచ్చిస్తే, దిగువనున్న పెడలు నుంచి సీటు పైదాకా ఉండవలసిన దూరం వస్తుంది. 69 సెం.మీ. కాలికి ఇది 75 సెం.మీ. కొత్తగా నేర్చుకొనేవారు మాత్రం రెండు కాళ్ళ వేళ్ళూ నేలకు ఆనేటంత దిగువకు సీటును దించుకోవాలి. అదుపు వచ్చిన తరువాత కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చును. సీటు మరీ పల్లంలో ఉంటే మోకాలు ఎక్కువగా వంగి త్వరగా నొప్పి పుడుతుంది. "సైకిలు తొక్కితే కాళ్ళు పీకుతున్నాయి, మోటారు బండి కొనివ్వండి" అనే ఫిర్యాదుకు మందు చాలాసార్లు ఒక స్పానరు మాత్రమే.

ఉపాధ్యాయులు దీన్ని ఒక పీరియడు పనిగా చేయించవచ్చును. విద్యార్థులు జంటలుగా ఏర్పడి ఒకరి కాలి పొడవును ఒకరు కొలవాలి. బడి ఆవరణలోని సైకిళ్ళకు పెడలు నుంచి సీటు దాకా దూరం కొలిచి, రెంటినీ పట్టికలో రాయాలి. నిష్పత్తి 1.09కి దూరంగా ఉన్న సైకిళ్ళను ఎత్తో, పల్లమో చేయాలి. ప్రతి బ్రేకూ వేళ్ళకు అందుతున్నదా, చక్రాన్ని పట్టి ఆపుతున్నదా చూడాలి. రెండవ పట్టికలో ఇంట్లో ఉన్న మోటారు బండి సీటు ఎత్తును, కాగితంలోని బరువును, తమ కాలి పొడవును, ఒంటి బరువును రాసుకొని, ఈ వ్యాసంలోని లెక్కలను తమ అంకెలతో మళ్ళీ చేయాలి. నడపవద్దని నూరుసార్లు చెప్పడం కన్న, తన చేతితో తాను వేసిన లెక్క విద్యార్థికి బాగా మనసుకు ఎక్కుతుంది. ఆ కాగితం ఇంటికి పోయి తండ్రి కంట పడితే మరీ మంచిది.

పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత మోటారు బండి ఎన్నుకొనేటప్పుడు కూడా ఈ కొలతలే ఉపయోగపడతాయి. పాదాలు నేలకు ఆనాలి. ఆగిన బండిని ఒక పక్కకు 20 డిగ్రీలు ఒరిగించి మళ్ళీ నిలబెట్టగలగాలి. వేళ్ళు బ్రేకును పూర్తిగా చుట్టాలి. ఈ మూడూ కుదిరిన తరువాతనే సి.సి. మాట అడగాలి. రెండేళ్ళ తరువాత రాబోయే ఒంటికి ఇప్పుడే బండి కొనరాదు. ఈనాటి ఒంటికి తగిన బండి ఎక్కినవాడే ఆ రెండేళ్ళూ క్షేమంగా దాటి, పెద్ద బండిని అందుకొంటాడు.